బళ్ళో టీచర్, ఇంట్లో అమ్మ: ఇద్దరినీ ఒకే పుస్తకంలో ఎలా పెట్టాలి?

ప్రశ్న: మా అమ్మ 34 ఏళ్లు ప్రభుత్వ టీచరుగా చేసింది. 1986లో ఇబ్రహీంపట్నం వైపు ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాలలో చేరి, ఘట్‌కేసర్ వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంటుగా 2020 జూన్‌లో రిటైరైంది. కరోనా రోజులు కావడంతో వీడ్కోలు సభ కూడా జరగలేదు. ఎనిమిది నెలల కిందట పోయింది. సంవత్సరీకం నాటికి ఆమె మీద చిన్న పుస్తకం తేవాలని నేనూ తమ్ముడూ అనుకున్నాం. పాత విద్యార్థులను అడిగితే అందరూ ‘మేడం దేవత’ అనే రాస్తున్నారు. నాకేమో పేపర్లు దిద్దుకుంటున్న అమ్మ పక్కన కబుర్లు చెప్పాలని ఎదురుచూస్తూ నిద్రపోయిన రాత్రులు గుర్తొస్తాయి. అది రాయొద్దని తమ్ముడు అంటున్నాడు. ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ అచ్చు వేయించాలి? అమ్మ ఫోన్ ఇంకా నాన్న దగ్గరే ఛార్జింగ్‌లో ఉంటోంది.
– ఉప్పల్ నుంచి ఒక కూతురు

సమాధానం: పుస్తకం సంగతి తర్వాత. ముందు ఆ ఫోన్ పని ఈ వారమే చూడండి. ప్రీపెయిడ్ నంబరును రీఛార్జి చేయకుండా, వాడకుండా 90 రోజులకు పైగా వదిలేస్తే కంపెనీ రద్దు చేసి మరొకరికి ఇచ్చేయొచ్చు. వాట్సాప్ కూడా 120 రోజులు వాడని ఖాతాను తీసేస్తుంది. కాబట్టి కనీసం పుస్తకం పూర్తయ్యేదాకా ఆ నంబరుకు రీఛార్జి ఆపొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి, వాట్సాప్ మీడియా ఫోల్డర్లో ‘వాయిస్ నోట్స్’ మొత్తం కాపీ చేసుకోండి. ఫైళ్ల పేర్లు ‘పీటీటీ’ అని మొదలై, పక్కన తేదీ ఉంటుంది. అమ్మ పంపినవీ ఆమెకు వచ్చినవీ అందులో కలిసిపోయి ఉంటాయి, ఎవరి గొంతన్నది పేరు చూస్తే తెలియదు. ఓపికగా విని, ఆమె గొంతు ఉన్నవాటికి కొత్త పేర్లు పెట్టుకోవాలి. ఒక ప్రతి కంప్యూటర్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి తమ్ముడి ఇంట్లో ఉంచండి. ఇవన్నీ అయ్యేదాకా ఫోన్‌ను ఎవరికీ ఇవ్వొద్దు, రీసెట్ చేయొద్దు. ‘అన్నం తిన్నారా, గ్యాస్ కట్టేశారా’ అన్న పది సెకన్ల మాట కూడా తీసేయకండి. రేపు ఆమె మాటతీరు రాయబోయినప్పుడు మీకు ఆధారం అదే.

ఇక మీ అసలు ప్రశ్న. టీచరమ్మను రాయాలా, అమ్మను రాయాలా అని మీరు తేల్చుకోలేకపోతున్నారు. ఆ ఇద్దరూ పంచుకున్నది ఒకే 24 గంటలు. మీరు ఎదురుచూసిన రాత్రి, ఎవరో ఒక పిల్లవాడి కాపీ మీద ఎర్ర సిరాతో ‘మళ్లీ చెయ్యి, నీకు వస్తుంది’ అని పడిన రాత్రి ఒక్కటే. అందుకని పుట్టుక, చదువు, ఉద్యోగం, పెళ్లి అన్న వరుసలో కాకుండా, ఆమె రోజుతో పుస్తకం మొదలుపెట్టండి. ఒక మామూలు పని దినం, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దీపం ఆర్పేదాకా. ఏ సంవత్సరం రోజో కూడా తేల్చుకోండి. మీరు నాలుగో తరగతి, తమ్ముడు బాలవాడి ఉన్న ఏడాది అనుకుంటే, అప్పటి రోజు ఒకలా ఉంటుంది. మీరు కాలేజీకి వెళ్లాక మరోలా ఉంటుంది. రెండు రోజులు రాస్తే చాలు, 34 ఏళ్లు అందులో కనిపిస్తాయి.

ఆ రోజును కట్టడానికి కావలసిన సరుకు నాన్నగారి దగ్గరుంది. కానీ ‘అమ్మ గురించి చెప్పండి నాన్నా’ అంటే ఆయన గొంతు పూడుకుపోతుంది, లేదా ‘మంచి మనిషి’ అని ఊరుకుంటారు. పనికి సంబంధించిన చిన్న ప్రశ్నలు అడగండి. స్టవ్ వెలిగించేది ఎన్ని గంటలకు? ఇబ్రహీంపట్నం వెళ్లడానికి ఎల్‌బీ నగర్‌లో బస్సు మారేదా, అక్కడ దిగాక ఇంకెంత దూరం నడిచేది? వానాకాలం ఏం చేసేది? తమ్ముడు పుట్టినప్పుడు ప్రసూతి సెలవు ఎన్నాళ్లు పెట్టింది, ఆ తర్వాత బాబును ఎవరు చూశారు? మొదటి జీతంతో ఏం కొన్నారు? ఎన్నికల డ్యూటీ, జనాభా లెక్కల డ్యూటీ, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ వచ్చినప్పుడు ఇంట్లో వంట ఎవరిది? ఒక్కో విడత ఇరవై నిమిషాలు మించొద్దు. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మడత పెట్టిన తువ్వాలు మీద ఆయనకు మూరెడు దూరంలో ఉంచండి. వీలైతే ఫ్యాన్ ఆపండి, ఫ్యాన్ చప్పుడు గొంతును మింగేస్తుంది. ఆయన ఆగినప్పుడు వెంటనే తర్వాతి ప్రశ్న వేయకండి, కాసేపు ఆగితే అసలు మాట చాలాసార్లు అప్పుడే వస్తుంది.

ఎదురుచూసిన రాత్రుల సంగతి తప్పకుండా రాయండి. తమ్ముడి భయం అర్థమవుతుంది, చదివినవాళ్లు అమ్మను తక్కువగా అనుకుంటారేమోనని. దానికి మార్గం ఉంది. కుటుంబం మొత్తం తరఫున ‘మేము’ అని కాక, మీ పేరుతో ‘నేను’ అని మీరు రాయండి, తన పేరుతో తను రాసుకుంటాడు. మీకు జరిగింది మీరు రాస్తే అది ఫిర్యాదు కాదు. ఒక జాగ్రత్త మాత్రం పాటించండి. ‘మమ్మల్ని పట్టించుకోలేదు’ లాంటి తీర్పు మాట ఒక్కటి పడినా పుస్తకమంతా ఆ మాట చుట్టూ తిరుగుతుంది. ఏ గదిలో, ఏ దీపం కింద, ఎన్ని పేపర్ల కట్ట, మీరు ఎక్కడ పడుకున్నారు, పొద్దున లేచేసరికి మీ మీద దుప్పటి ఎవరు కప్పారు – ఇవి రాసి ఆపేయండి. నాన్నగారికి మాత్రం అచ్చుకు ముందే ఆ పేజీ చదివి వినిపించాలి.

విద్యార్థులు ‘దేవత’ అని రాయడం వాళ్ల తప్పు కాదు, మనం అడిగిన తీరు అలాంటిది. ‘మేడం గురించి నాలుగు మాటలు రాసి పంపండి’ అంటే ఎవరైనా సంతాప సభలో విన్న మాటలే రాస్తారు. ‘అంకితభావం, క్రమశిక్షణ, తల్లిలాంటి ప్రేమ’ అన్నవి ఏ టీచరు పేరు కింద పెట్టినా అతుకుతాయి, అందుకే ఎవరి గురించీ ఏమీ చెప్పవు. పదో తరగతి బ్యాచుల వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద విజ్ఞప్తి పెట్టేకన్నా, బ్యాచుకు ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని ఫోన్ చేసి అడగండి. మొదటి ప్రశ్న ఎప్పుడూ ‘నువ్వు క్లాసులో ఎక్కడ కూర్చునేవాడివి?’ కావాలి. ఆ ఒక్క ప్రశ్నతో మనిషి ఆ గదిలోకి వెళ్లిపోతాడు. తర్వాత బోర్డు మీద ఏ మూల నుంచి మొదలుపెట్టేది, తప్పు చేస్తే ఏమనేది, మాటిమాటికీ వాడే మాట ఏది, ఎప్పుడైనా మీ ఇంటికి వచ్చిందా అని అడగండి. వాళ్లు వాయిస్‌లో చెప్పింది కాగితం మీద పెట్టేటప్పుడు భాషను దిద్దకండి. ‘మేడం ఏమనకపోతుండె, గట్లనే సూస్తుండె, అంతే’ అన్నదాన్ని ‘మేడం ఏమీ అనకుండా చూసేవారు’ అని మారిస్తే మనిషి పోతాడు, వాక్యం మిగులుతుంది.

ఇలాంటి స్మారక సంచికల్లో తరచూ జరిగే పెద్ద లోపం, టీచర్ మీద పుస్తకంలో పాఠం ఉండకపోవడం. సన్మానాలుంటాయి, శాలువాలుంటాయి, ఆమె లెక్క ఎలా చెప్పిందో ఉండదు. మీ అమ్మగారిది లెక్కలు కాబట్టి ఇది రాబట్టడం సులభం. 52లోంచి 27 తీసేసేటప్పుడు ‘అప్పు తెచ్చుకోవడం’ ఎలా చెప్పేది? అగ్గిపుల్లల కట్టలు కట్టి విప్పించేదా, పది రూపాయల నోటును చిల్లర చేయించేదా? రుణ సంఖ్యలు వచ్చినప్పుడు బాకీ లెక్క చెప్పేదా, మెట్లు గీసేదా? ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్‌ను కాగితం కత్తిరించి, రెండు చదరాలూ రెండు దీర్ఘచతురస్రాలూగా చూపించేదా? సిద్ధాంతం అప్పజెప్పించేదా, పటం గీయించేదా? పాత విద్యార్థిని ఒకరిని కూర్చోబెట్టి, మేడం చెప్పినట్టే ఒక లెక్క కాగితం మీద చేసి చూపించమనండి. ఆ కాగితాన్నే పుస్తకంలో వేయండి. ఇప్పుడు టీచరుగా ఉన్న ఆమె విద్యార్థులు ఒకరిద్దరైనా ఉంటారు. ‘మేడం దగ్గర నేర్చుకుని నేను ఇప్పటికీ క్లాసులో చేసేది ఏది’ అని వాళ్లను ప్రత్యేకంగా అడగండి. పుస్తకంలో నాలుగైదు పేజీలు దీనికి ఇవ్వండి, ఎక్కువేం కాదు.

వస్తువులు కూడా అడగండి. ఆమె దిద్దిన నోటు పుస్తకాలు, సంతకం పెట్టిన ప్రోగ్రెస్ కార్డులు పల్లెల్లో ట్రంకుపెట్టెల్లో ఇంకా ఉంటాయి. ఇంట్లో పాఠ్య పథకాల పుస్తకాలు, యూనియన్ డైరీలు, చెక్కుబుక్కు వెనక రాసుకున్న లెక్కలు, వంట కొలతల చీటీలు వెతకండి. సంఘం డైరీల్లో ఆనాటి సహోపాధ్యాయుల ఫోన్ నంబర్లు దొరుకుతాయి. ఆమె చేతిరాత ఉన్న మంచి పేజీ ఒకటి ఏరి 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయిస్తే అట్ట మీదకు అదే పనికొస్తుంది.

తేదీల విషయంలో జ్ఞాపకాన్ని నమ్మొద్దు. సర్వీసు రిజిస్టర్ జిరాక్స్ ఆమె కాగితాల్లో ఉండే అవకాశం ఎక్కువ, పెన్షన్ పనికి చాలామంది తీసి పెట్టుకుంటారు. చేరిన రోజు, బదిలీలు, ప్రమోషన్, సెలవులు అన్నీ అందులో ఉంటాయి. ఎవరైనా ‘1994లో మాకు ఏడో తరగతి చెప్పారు’ అంటే ఆ ఏడాది ఆమె ఆ బడిలో ఉందా అని దాంతో సరిచూడండి. జిల్లా పేర్ల దగ్గర చాలామంది తడబడతారు. రంగారెడ్డి జిల్లా 1978లో హైదరాబాద్ జిల్లా నుంచి విడిపోయింది. 2016 అక్టోబరులో ఘట్‌కేసర్ ఉన్న మేడ్చల్-మల్కాజిగిరి దాని నుంచి వేరైంది. అంటే ఆమె ఘట్‌కేసర్ వైపు బడి 2016 దాకా రంగారెడ్డి జిల్లాదే. ఆ కాలం గురించి రాసేటప్పుడు అప్పటి పేరే వాడి, ఇప్పటి పేరు ఒక్కసారి చెప్పండి. ఆమె చేరిన మరుసటి ఏడాదే, 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం వచ్చింది. ఏకోపాధ్యాయ బడులకు రెండో టీచరును, వీలైతే మహిళను ఇవ్వాలన్నది అందులో ఒక అంశం. ఆ పల్లెలో ఆమె ఒక్కతే టీచరా, రెండో మనిషి ఎప్పుడొచ్చారు అని అడిగితే ఎన్నో సంగతులు బయటపడతాయి. 2003లో బడిలో మధ్యాహ్న భోజనం వండి పెట్టడం మొదలయ్యాక ఆమె మధ్యాహ్నాలు ఎలా మారాయో కూడా అడగండి.

రెండు చోట్ల జాగ్రత్త. ఆమె ఫీజు కట్టిన పిల్లలు, పుస్తకాలు కొనిచ్చిన పిల్లలు ఉంటారు. వాళ్ల పేర్లు, వాళ్ల ఇంటి పరిస్థితి వాళ్లు ఒప్పుకుంటేనే అచ్చులోకి రావాలి. పేరు లేకుండా రాసినా, ఊరూ ఏడాదీ కలిపితే ఎవరో తెలిసిపోతుంది, అదీ చూసుకోండి. రెండోది బెత్తం. ఆ కాలం విద్యార్థులు ‘మేడం కొడితేనే ఈ స్థాయికి వచ్చాం’ అని గర్వంగా చెబుతారు. జరిగి ఉంటే దాచొద్దు. కానీ దాన్ని గొప్పగా అచ్చేయడం తప్పని మా అభిప్రాయం. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని నిషేధించింది, ఈ పుస్తకం ఇప్పటి పిల్లల చేతికీ వెళ్తుంది. తర్వాతి కాలంలో ఆమె పద్ధతి మారిందా అని అడిగి, ఆ మార్పు రాయండి.

ఫొటోల దగ్గర తొందరపడితే నష్టం తిరిగి రాదు. జిగురు పేజీల ఆల్బముల్లో పాతికేళ్లుగా అతుక్కున్న ఫొటోను గోటితో లాగితే పై పొర ఊడి వస్తుంది. పళ్ల మధ్య వాడే సన్నని ఫ్లాస్ దారాన్ని ఫొటో అడుగున నెమ్మదిగా రంపంలా కదిపితే చాలావరకు విడిపోతుంది. రాకపోతే ఆల్బముతో సహా స్కానరు మీద పెట్టండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోను అసలు లాగొద్దు, అద్దంతోనే స్కాన్ చేయించండి. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. రెండంగుళాల ఫొటోను 600లో స్కాన్ చేస్తే నాలుగంగుళాల దాకా వేసుకోవచ్చు. గ్రూప్ ఫొటోలో ఆమె ముఖం ఒక్కటే పెద్దది చేయాలంటే 1200లో చేయించండి. విద్యార్థులు ఫోన్లో పంపేవి ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే వాట్సాప్ వాటిని కుదించేస్తుంది. అసలు ఫొటో తెచ్చిచ్చిన వాళ్లకు, వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు, ఊరు, ఏడాది రాసి తిరిగివ్వండి. బాల్‌పెన్ వాడితే ఒత్తు ముందువైపుకు తేలుతుంది.

ఇక అచ్చు. మీకు నాలుగు నెలలు, అంటే సుమారు 16 వారాలు ఉన్నాయి. సేకరణకు ఆరు, రాయడానికి నాలుగు, డీటీపీకీ (కంప్యూటర్లో పేజీలు కట్టడానికి) ప్రూఫులకూ మూడు, ప్రెస్సుకు రెండు వేసుకుంటే ఒక వారం చేతిలో మిగులుతుంది. డెమ్మీ కాగితంలో ఎనిమిదో వంతు (మామూలు కథల పుస్తకం) సైజు, 64 పేజీలు ఇలాంటి పుస్తకానికి సరిగ్గా సరిపోతాయి. ఒకే కాగితం మీద అచ్చేసి మడత పెట్టే పదహారు పేజీల కట్టను ఫారం అంటారు, అలాంటివి నాలుగు. పేజీకి సుమారు 200 మాటలు పడతాయి, ఫొటోలు పోను పదివేల మాటలకు మించకుండా రాసుకోవాలి. లోపల 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లిథో, అంటే నునుపు పూత లేని మామూలు పుస్తకం కాగితం, అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. ఫొటోలన్నీ ఎనిమిది పేజీల ఆర్ట్ పేపరు మీద నడుమ చేర్చితే ఖర్చు తగ్గుతుంది, సెంటర్ పిన్ బైండింగుకూ వీలు. మ్యాప్‌లిథో సిరాను పీల్చుకుని ఫొటోను నల్లబరుస్తుంది, దాని మీద వేసే ఒకటి రెండు ఫొటోలను ముందే కాస్త తేలిక చేయించాలి. చదివేవాళ్లలో పెద్దవాళ్లు ఎక్కువ కాబట్టి అక్షరం 13 పాయింట్లకు తగ్గొద్దు. 300 ప్రతుల లోపు అయితే డిజిటల్ ప్రింటు, 500 దాటితే ఆఫ్‌సెట్ లాభం. చిక్కడపల్లి, విద్యానగర్, ఆజామాబాద్ వైపు తెలుగు పుస్తకాలు వేసే ప్రెస్సులున్నాయి, మూడుచోట్ల ధర అడగండి. ఛత్తా బజార్ శుభలేఖలకు పేరున్న చోటు. సభ ఆహ్వానానికి అక్కడికి వెళ్లండి, పుస్తకానికి మాత్రం పుస్తకాలు చేసే చేయి కావాలి.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. మీరు ఫోన్లో టైపు చేసేది యూనికోడ్, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షర పద్ధతి. చాలామంది డీటీపీ వాళ్లు ఇంకా యూనికోడ్ కాని పాత తరహా ‘అను’ ఫాంట్లలో చేస్తారు. మార్చేటప్పుడు ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి చోట్ల ఒత్తులు జారిపోతాయి, ‘హైదరాబాద్‌లో’ కాస్తా ‘హైదరాబాద్లో’ అవుతుంది. యూనికోడ్‌లోనే పేజీలు కట్టగలరా అని మొదటే అడగండి. ఎలా చేసినా ప్రూఫు తెర మీద చూడొద్దు, కాగితం మీద తీయించండి. ఒకరు పైకి చదవాలి, మరొకరు అసలు ప్రతి పట్టుకుని వినాలి. మనుషుల పేర్లూ ఇంటిపేర్లూ వాళ్లవాళ్లకే పంపి సరిచూపించండి. ఒక్కొక్కరికీ వాళ్ల పేరా మాత్రమే పంపి మూడు రోజులు గడువు పెట్టండి. పుస్తకం మొత్తం పంపితే ప్రతివాళ్లూ పక్కవాళ్లది దిద్దుతారు.

సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుందని మరిచిపోయి చాలామంది తేదీకి హాలు మాట్లాడుకుంటారు. తిథి మామూలు ఏడాదిలో తేదీకన్నా సుమారు 11 రోజులు ముందు వస్తుంది, నడుమ అధికమాసం పడితే 19 రోజుల దాకా ఆలస్యంగా వస్తుంది. కాబట్టి పంతులుగారిని తిథి ముందే అడగండి. ఇంటి కార్యక్రమం ఆ రోజు చేసుకుని, సభ తర్వాతి ఆదివారం పెట్టుకోండి. బడిలోనే చేయగలిగితే అంతకన్నా మంచి చోటు లేదు, 2020లో జరగని వీడ్కోలు కూడా అక్కడే జరిగినట్టవుతుంది. వేసవి సెలవులు పడకుండా చూసుకుని, హెడ్మాస్టరుగారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కాకపోతే చిక్కడపల్లి త్యాగరాయ గానసభో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రమో అడగండి, ఆదివారాలకు నెలల ముందే మాట్లాడుకోవాలి. పల్లె నుంచి వచ్చేవాళ్లు చీకటి పడకముందే ఇల్లు చేరాలి, అందుకని పొద్దున పదిన్నరకు మొదలుపెట్టి గంటన్నరలో ముగించండి. ఆరుగురికి మించి మాట్లాడొద్దు, ఒక్కొక్కరూ ఒకే సంఘటన, ఐదు నిమిషాలు. పుస్తకాన్ని ఆమె మొదటి బడిలో మొదటి ఏడాది చదివినవాళ్లలో ఒకరూ చివరి పదో తరగతి బ్యాచు అమ్మాయీ కలిసి ఆవిష్కరిస్తే బాగుంటుంది.

బడిలో ఆమె పేరున బహుమతి పెట్టాలనుకుంటే, డబ్బు హెడ్మాస్టరు సొంత ఖాతాకు ఇవ్వొద్దు. ఆయన బదిలీ అయితే లెక్క తెలిసేవాళ్లుండరు. మీ ఇద్దరి పేరున బ్యాంకులో డిపాజిట్ వేసి, వడ్డీతో ప్రతి ఏడూ మీరే కొని తీసుకెళ్లండి. లక్ష రూపాయలకు 6.5 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 6,500. లెక్కల్లో మొదటి మార్కు వచ్చిన పిల్లకు ఎలాగూ బహుమతులుంటాయి. అర్ధ సంవత్సరం పరీక్షకూ వార్షిక పరీక్షకూ నడుమ ఎక్కువ మార్కులు పెంచుకున్న ఒక అమ్మాయికి, ఒక అబ్బాయికి ఇవ్వమని మా సలహా. జామెట్రీ బాక్సు, నిఘంటువు, ఏడాదికి సరిపడా నోటు పుస్తకాలు, ఈ పుస్తకం ఒక ప్రతి.

ప్రతులు సభకు వారం ముందే చేతికి తెచ్చుకుని, కట్టకు రెండు చొప్పున విప్పి పేజీల వరుస చూడండి, ఫారాలు తారుమారైతే మార్చడానికి సమయం ఉంటుంది. ఆమె పనిచేసిన ప్రతి బడికీ రెండేసి ప్రతులు మీరే తీసుకెళ్లి ఇవ్వండి. ఇచ్చి వచ్చేయకుండా, లైబ్రరీ స్టాక్ రిజిస్టర్లో నంబరు వేయించి, పుస్తకం మీద బడి ముద్ర కొట్టించి రండి. రిజిస్టర్లో లేని పుస్తకం హెడ్మాస్టరు మారినప్పుడు బీరువాలోంచి మాయమవుతుంది. నంబరు పడినదాన్ని వచ్చేవాళ్లు లెక్క చూసి అప్పగించుకుంటారు.